‘టిక్’మన్నంత మాత్రాన ఇంజిను పోయినట్టేనా?

ఏటా జూన్ 14తో తూర్పు తీరంలో వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులపాటు ఒడ్డున కట్టేసిన మరబోట్లన్నీ ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంటాయి. విశాఖ ఫిషింగ్ హార్బరులో ఆ రెండు రోజులూ పెళ్లివారిల్లే! ఐసు, డీజిల్, బియ్యం బస్తాలు, మంచినీళ్ల డ్రమ్ములు ఒకదాని వెనక ఒకటి బోటెక్కుతుంటాయి. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, డ్రైవరు తాళం తిప్పుతాడు.

‘టిక్’.

అంతే! ఇంజిను ఉలకదు, పలకదు. మళ్లీ తిప్పితే మళ్లీ అదే ‘టిక్’. ఇంకేముంది... చుట్టూ ఉన్నవాళ్లు తలో మాటా అందుకుంటారు. బ్యాటరీ చచ్చిపోయిందని ఒకరు, సెల్ఫ్ మోటారు కాలిపోయిందని మరొకరు, రెండు నెలలు నడపకపోయేసరికి ఇంజినే పట్టేసిందని ఇంకొకరు. ఆ మాటలు వింటున్న యజమాని గుండెల్లో రాయి పడుతుంది. రెండు నెలలుగా రాబడి లేదు. రంగులకీ మరమ్మతులకీ చేసిన అప్పు తలమీద ఉంది. పక్క బోట్లు ఒక్కొక్కటే జెట్టీ వదిలి వెళ్తుంటే ఆయన ముఖం చూడాలి!

బోట్లలో కరెంటు పని చేసేవాణ్ని కాబట్టి ఆ ‘టిక్’ శబ్దంతోనే నాకు బువ్వ. ఇన్నేళ్లలో నేను గమనించిందేమిటంటే, ఆ శబ్దం విన్నవాళ్లందరి చూపూ ముందు పెద్ద పెద్ద సామాన్ల మీదికే పోతుంది. బ్యాటరీకీ, దాని నుంచి వచ్చే వైరుకీ మధ్య ఉన్న సీసపు బుడిపె వైపు ఎవరూ చూడరు. తీరా చూస్తే చాలాసార్లు జబ్బంతా అక్కడే ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి వెతుక్కోవడం అంటే ఇదే.

దీపం చెప్పే అబద్ధం

‘లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి కదండీ, ఇంక బ్యాటరీ కనెక్షన్‌కి ఏమైందంటారు?’ నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది. అడగడంలో న్యాయం ఉంది. కానీ దీపం సగం నిజమే చెబుతుంది.

మీ ఇంటి గుమ్మం తలుపు ఒక రెక్క బిగుసుకుపోయి జానెడు సందే ఉందనుకోండి. పేపరు కుర్రాడు చేయిపెట్టి పేపరు అందించి పోతాడు, ఏ ఇబ్బందీ లేదు. అదే పెళ్లినాడు బంధువులంతా ఒక్కసారి వస్తే? గుమ్మం దగ్గరే ఆగిపోతారు. బ్యాటరీ బిగింపు కూడా అలాంటి గుమ్మమే. క్యాబిన్‌లోని లైటుకు ఒకటి రెండు ఆంపియర్ల కరెంటు చాలు. సందులోంచి దూరిపోతుంది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌ను తిప్పాలంటే సెల్ఫ్ మోటారుకు వందల ఆంపియర్లు ఒక్క ఉదుటున కావాలి. అది ఆ సందులో పట్టదు.

లెక్క కూడా చిన్నదే. బిగింపు దగ్గర చిలుము పట్టి ఓమ్‌లో యాభయ్యో వంతు, అంటే 0.02 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకుందాం. రెండు ఆంపియర్ల లైటుకు దానివల్ల పోయేది 0.04 వోల్టు. ఎవరికీ తెలియదు. అదే 200 ఆంపియర్లు లాగే సెల్ఫ్‌కు నాలుగు వోల్టులు అక్కడే పోతాయి! పెద్ద బోట్లలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు చేస్తారు. అందులో నాలుగు దారిలోనే ఖర్చయిపోతే ఇంజిన్‌ను తిప్పే సత్తువ ఏం మిగులుతుంది? పోయిన ఆ నాలుగు వోల్టులూ ఊరికే పోవు. 200 ఆంపియర్లతో గుణిస్తే 800 వాట్లు. మనింట్లో ఇస్త్రీపెట్టెకు సరిపడా వేడి, బొటనవేలంత సీసపు ముక్క మీద! అందుకే లూజు బిగింపు కాలిపోతుంది. ఒక్కోసారి సీసం కరిగి కారుతుంది కూడా.

డీజిల్ ఇంజిన్‌లో ఇంకో తిరకాసుంది. పాత పద్ధతి పంపుతో నడిచే ఇంజిను ఒకసారి రాజుకుందా, ఇక దానికి బ్యాటరీతో పనే లేదు. గాలిని అదిమిన వేడికే డీజిల్ మండుతుంది. బిగింపు ఎంత లూజుగా ఉన్నా ఇంజిను రోజుల తరబడి దడదడలాడుతూ తిరుగుతూనే ఉంటుంది. లోపం బయటపడేది దాన్ని ఆపి, మళ్లీ స్టార్టు చేయాల్సి వచ్చినప్పుడే. అది జెట్టీ దగ్గరైతే అదృష్టం. ఒడ్డు కనపడని చోటైతే..?

ఏడుగురు, ఒక రాత్రి

2018 జూన్ నెలాఖరులో ఒక బోటును ఇంకో బోటు తాడు కట్టి హార్బరుకు లాక్కొచ్చింది. అందులో ఏడుగురు. వేటకెళ్లిన ఐదో రోజు సాయంత్రం వల వెళ్లి ఫంకాకు చుట్టుకుంది. ఫంకా తిరుగుతుంటే నీళ్లలోకి దిగేదెవరు? ఇంజిను ఆపారు. ఒకతను కత్తి నోట కరుచుకుని కిందికి దూకి, వలను కోసి పైకొచ్చాడు. డ్రైవరు తాళం తిప్పాడు. ‘టిక్’.

చీకటి పడింది. కాసేపటికి లైట్లు మినుకుమినుకుమన్నాయి. తర్వాత అవీ ఆరిపోయాయి. వైర్‌లెస్ సెట్టు మూగబోయింది. అన్నింటికీ ఆధారం ఆ రెండు బ్యాటరీలే మరి! పోర్టుకు వచ్చిపోయే ఓడలకు తాము కనపడమన్న భయంతో ఆ ఏడుగురూ టార్చిలైటు ఊపుతూ తెల్లవార్లూ కూర్చున్నారు. పొద్దున్నే వేరే బోటు కంటపడబట్టి సరిపోయింది.

ఒడ్డుకు చేరాక అసలు గొడవ మొదలైంది. డ్రైవరు ఎడాపెడా సెల్ఫ్ కొట్టి మోటారు కాల్చేశాడని యజమాని తీర్మానించేశాడు. ఆ వేటకు డ్రైవరు వాటా ఆపేశాడు. ఇంకో మనిషిని చూసుకుంటానన్నాడు. కొత్త సెల్ఫ్ మోటారు, రెండు కొత్త బ్యాటరీలు తేవడానికి మనిషిని కూడా పురమాయించాడు. నన్ను పిలిచింది అవి బిగించడానికే. ఆ డ్రైవరు జెట్టీ మీద తాడు చుట్టపై కూర్చుని, నేను అటు వెళ్తుంటే నెమ్మదిగా అన్నాడు: ‘‘నాను ఊరికే కొట్టనేదు బాబూ. మూడుసార్లే కొట్టినాను.’’

నేను ముందు పాత సెల్ఫ్‌ను ఊడదీసి, నేల మీద గట్టిగా అదిమిపట్టి, నా దగ్గరున్న మంచి బ్యాటరీలకు తగిలించాను. గిర్రున తిరిగింది. అంటే మోటారు కాలలేదు. మళ్లీ ఇంజిన్‌కు బిగించి, అవే మంచి బ్యాటరీలను బోటు వైర్లకే కలిపాను. ‘టిక్’! మోటారు మంచిదే, బ్యాటరీలు మంచివే. ఇక మిగిలింది ఆ రెండింటికీ మధ్యన ఉన్న దారి.

ఒక లావుపాటి కేబులు తీసుకుని ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొసను ఇంజిన్ ఇనుముకు నేరుగా పట్టించాను. తాళం తిప్పమన్నాను. ఒక్క దెబ్బకు ఇంజిను అందుకుంది. దొంగ దొరికాడు! నెగెటివ్ వైరును ఇంజిన్‌కు కలిపే చోట బోల్టు విప్పి చూస్తే కింద నున్నగా ఆకుపచ్చ రంగు. వేట నిషేధంలో ఇంజిన్‌కు రంగు కొట్టినవాళ్లు ఆ వైరు తీసి, అక్కడ కూడా శుభ్రంగా రంగు పూసి, పైన మళ్లీ బోల్టు బిగించేశారు. బోల్టు మరల దగ్గర కాస్త ఇనుము తగులుతున్నందువల్ల జెట్టీ దగ్గర ఇంజిను స్టార్టయింది. ఐదు రోజుల కుదుపుకు, ఉప్పుగాలి చెమ్మకు ఆ కాస్త ఆధారమూ పోయింది. ఆల్టర్నేటరు చార్జింగు తిరిగి బ్యాటరీకి చేరాల్సిందీ ఆ దారినే. అందుకే బ్యాటరీలు నిండలేదు, లైట్లూ ఆరిపోయాయి.

గరుకు కాగితంతో ఆ రంగును గీకడానికి పట్టింది పది నిమిషాలు. యజమాని చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఆపిన వాటా డబ్బు తీసుకుని తనే డ్రైవరు ఇంటికి వెళ్లాడని తర్వాత తెలిసింది. కొత్త సామాను ఖర్చు తప్పిందని వాళ్లింట్లో సంతోషించారు. ఇరవయ్యేళ్లుగా స్టీరింగు పట్టిన మనిషికి పోబోయిన పేరు నిలబడిందని నేను సంతోషించాను. అందుకే బోటు ఆగితే మనిషిని అనేముందు బిగింపు చూడమంటాను.

చిలుము ఎందుకు పడుతుంది?

ఊళ్లో లారీ బ్యాటరీకి లేని కష్టం బోటు బ్యాటరీకి ఎందుకొస్తుందంటే, దాని చుట్టూ ఉన్నవన్నీ పగవాళ్లే. ఇంజిన్ అదురుకు నట్లు వదులవుతాయి. బ్యాటరీలోని గంధకామ్లం తుంపర బుడిపెల చుట్టూ చేరి తెల్లటి పొడి కడుతుంది. రాగి ఉన్నచోట నీలం, ఆకుపచ్చ కలిసిన చిలుము పడుతుంది. ఉప్పుగాలి వైరు కొసలోంచి లోపలికి పాకి, పైన ప్లాస్టిక్ తొడుగు నిగనిగలాడుతుండగానే లోపల రాగి తీగలను నల్లగా మార్చేస్తుంది. అలాంటి వైరును వంచి చూస్తే లోపల కరకరమంటుంది. దాన్ని మార్చడం తప్ప వేరే మందు లేదు. తగరం పూత పూసిన రాగి తీగ వైరు దొరికితే కాస్త ఖరీదైనా అదే మేలు.

వీటికి తోడు మనం చేసే ఉపకారాలు! క్లాంపు వదులైందని బుడిపెకీ దానికీ మధ్య మేకు దిగ్గొడతారు. సిగరెట్ పెట్టెలో మెరుపు కాగితం మడిచి పెడతారు. లైటుదీ, వైర్‌లెస్‌దీ, జీపీఎస్‌దీ, ఆఖరికి సెల్‌ఫోను చార్జరుదీ వైర్లన్నీ తెచ్చి ఆ ఒక్క నట్టు కిందే దూరుస్తారు. ఏ ఒక్కటి కదిలినా అన్నీ కదులుతాయి. సెల్ఫ్ కేబులుకు ఒక బోల్టు, మిగతా చిన్న వైర్లకు విడిగా ఫ్యూజులున్న పెట్టె ఉండాలి. సెల్ఫ్‌కు వాడే బ్యాటరీలు వేరుగా, లైట్లకూ వైర్‌లెస్‌కూ వాడే బ్యాటరీ వేరుగా పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇంజిను మొండికేసినా నోరూ కళ్లూ పనిచేస్తాయి.

మీరే డాక్టరు

‘టిక్’ వినపడగానే చేయాల్సిన మొదటి పని, మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా ఆగడం. ఒకసారికి పది సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో నిమిషమైనా విరామం ఇవ్వాలి.

తర్వాత ఒకరిని తాళం తిప్పమని, మీరు లైటును చూడండి. లైటు బాగా మసకబారిందా, బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా బుడిపెల మీద బిగింపు చెడి ఉండాలి. లైటు చెక్కుచెదరకుండా వెలుగుతూ ఇంజిను మాత్రం కదలలేదా, లోపం సెల్ఫ్‌కు వెళ్లే కేబులులోనో, ఇంజిన్‌కు కలిపిన నెగెటివ్ వైరులోనో, సెల్ఫ్ మీది సొలినాయిడ్ స్విచ్చిలోనో ఉందన్నమాట. తాళం వదిలాక ఒక్కో బిగింపును వేళ్లతో జాగ్రత్తగా తాకండి. మిగతావి చల్లగా ఉండి ఒకటి వేడిగా ఉంటే అదే జబ్బు చోటు. క్లాంపును చేత్తో తిప్పి చూడండి. కాస్త కదిలినా అది బిగింపు కాదు.

మీటరు ఉంటే పని ఇంకా తేలిక. ఇంజిను ఆపి కొన్ని గంటలైన తర్వాత ఒక్కో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ. ఇప్పుడు మీటరు ఒక ముల్లును సీసపు బుడిపె నడినెత్తిన, రెండో ముల్లును దాన్ని పట్టుకున్న క్లాంపు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. రెండూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉన్నాయి కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టో, వోల్టో చూపించిందంటే అక్కడ చిలుము దాక్కుందని అర్థం. ఇలాగే రెండో బుడిపె దగ్గర, రెండు బ్యాటరీలను కలిపే వైరు దగ్గర, నెగెటివ్ బుడిపెకీ ఇంజిన్ ఇనుముకీ మధ్య చూసుకుంటూ పోవాలి. ఇంజిను తిరుగుతున్నప్పుడు 24 వోల్టుల జత మీద సుమారు 27.6 నుంచి 28.8 వోల్టులు కనపడితే చార్జింగు అందుతున్నట్టు.

శుభ్రం చేసే పద్ధతి

ఇంజిను ఆపి, చేతి ఉంగరాలూ గడియారమూ తీసి పక్కన పెట్టండి. స్పానరుకీ ఉంగరానికీ మధ్య కరెంటు పడితే వేలు కాలిపోతుంది. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. చార్జింగు అవుతున్న బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. ముందు గది తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి.

ముందు నెగెటివ్ వైరు విప్పాలి. తర్వాతే పాజిటివ్. బిగించేటప్పుడు దీనికి తిరగేసి, నెగెటివ్ ఆఖర్న. ఇలా చేస్తే స్పానరు పొరపాటున ఇంజిన్‌కు తగిలినా మెరుపు రాదు. గోరువెచ్చని మంచినీళ్లలో వంటసోడా కలిపి బుడిపెల మీద పోస్తే బుసబుస పొంగుతుంది. పొంగు ఆగాక మంచినీళ్లతో కడగాలి. బ్యాటరీ మూతలు బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోతే యాసిడ్ చెడిపోతుంది. ఇక సముద్రపు నీళ్లు అసలు వాడొద్దు. ఉప్పునీరు బ్యాటరీలోకి పోతే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది.

తడి ఆరాక బుడిపెనూ, క్లాంపు లోపలి వైపునూ గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్దాలి. క్లాంపును బుడిపె అడుగుదాకా దించి బిగించాలి. అలాగని బలమంతా చూపిస్తే సీసం మెత్తనిది, చీలిపోతుంది. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూస్తే ఉప్పుగాలి చేరదు. ముందు పూసి తర్వాత బిగించడం కాదు, బిగించాకే పూయాలి. ఇంజిన్‌కు నెగెటివ్ వైరు కలిసే చోట రంగు ఉంటే ఇనుము తెల్లగా కనపడేదాకా గీకాలి.

ఇంజిను నడుస్తుండగా మాత్రం బ్యాటరీ వైరు విప్పకండి. చార్జింగు బాగుందో లేదో చూద్దామని కొందరు విప్పుతారు. ఆ ఒక్క క్షణంలో వోల్టేజీ ఎగదన్ని ఆల్టర్నేటరులోని డయోడ్లు కాలిపోవచ్చు.

వేట నిషేధంలో బోటు కట్టేసినప్పుడు నెగెటివ్ వైరు విప్పి ఉంచి, నెలకోసారైనా బ్యాటరీలకు చార్జింగు పెట్టిస్తే జూన్‌లో ఈ తలనొప్పి సగం ఉండదు. ఖాళీగా వదిలేసిన బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జింగు పెట్టినా ఎక్కదు.

నడిసంద్రంలో అయితే

ఒడ్డుకు దూరంగా ఇంజిను ఆగితే ముందు అనవసరమైన లైట్లు, ఫ్యాను, చార్జర్లు ఆపేయాలి. మిగిలిన కరెంటు వైర్‌లెస్‌కూ, ఓడలకు మన ఉనికి తెలిపే దీపాలకూ కావాలి. బ్యాటరీ పూర్తిగా దిగకముందే వీహెచ్ఎఫ్ 16వ చానెల్‌లో కబురు చెప్పాలి. ఫోను సిగ్నలు ఉంటే తీరరక్షక దళం అత్యవసర నంబరు 1554. మొహమాటానికి పోయి ‘చూద్దాం’ అని కూర్చుంటే వైర్‌లెస్ కూడా చేతిలో ఉండదు. కబురు పంపాక అప్పుడు స్పానరు పట్టుకుని బిగింపుల పని చూసుకోవచ్చు. బోటులో ఒక స్పానరు, గరుకు కాగితం, చిన్న మీటరు, మూరెడు పొడవున్న రెండు లావుపాటి కేబులు ముక్కలు ఉంచుకోండి. అన్నీ కలిపి ఒక డబ్బాలో పడతాయి. సముద్రంలో వాటి విలువ కొత్త సెల్ఫ్ మోటారు కన్నా ఎక్కువ.

కొత్త ఇంజిన్ల విషయం వేరు. వాటిలో డీజిల్‌ను ఎలక్ట్రానిక్ పెట్టె కొలిచి పంపుతుంది. ఆ పెట్టెకు కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి. అలాంటి బోటులో బిగింపు వదులైతే స్టార్టు కాకపోవడం కాదు, నడుస్తున్న ఇంజినే ఆగిపోవచ్చు. యంత్రం కొత్తదైనకొద్దీ ఈ సీసపు బుడిపెకు విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు.

మాకు బోటెక్కడుందండీ అంటారా? ఇంట్లో ఇన్వర్టరు ఉంటుంది, కారు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను కాసేపు తిరిగి ఆగిపోతోందంటే బ్యాటరీ పాతబడిందని వెంటనే కొత్తది కొనకండి. మూల చీకట్లో ఉన్న ఆ బ్యాటరీ దగ్గర ఓసారి టార్చి వేసి చూడండి. బుడిపెల చుట్టూ తెల్లటి పొడి కనపడితే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఇన్వర్టరునూ దాని కరెంటునూ ఆపించి, మీ ఎదురుగానే శుభ్రం చేయించండి. ఆ తర్వాత కూడా ఫ్యాను ఆగితే అప్పుడు కొత్త బ్యాటరీ సంగతి ఆలోచించవచ్చు.